నాన్న గురకకు స్లీప్ స్టడీ రాశారు, నేరుగా మెషిన్ కొనేస్తే పోదా?

చీమకుర్తి నుంచి, ప్రశ్న:
నాన్నకు 54. గ్రానైట్ లారీ తోలుతాడు, కృష్ణపట్నం పోర్టుకి ఎక్కువగా రాత్రి ట్రిప్పులే. ఆయన గురక వీధి అరుగు మీద పడుకున్నవాళ్ళకీ వినపడుతుంది. చిన్నప్పటి నుంచి విని విని మాకు అలవాటైపోయింది. పోయిన నెల క్లీనరు వచ్చి చెప్పాడు: లారీ పక్కన ఆపి పడుకుంటే గురక మధ్యలో ఠక్కున ఆగిపోతుందట. వీడు భయపడి ఛాతీ మీద చెయ్యి పెట్టి చూసేలోపు ఒక్క గుటకలో గాలి లాగి మళ్ళీ మొదలుపెడతాడట. బీపీకి రెండు రకాల మాత్రలు వేసినా దిగడంలేదు. ఒంగోలులో డాక్టరుగారు టేపుతో మెడ కొలిచి (43 సెంటీమీటర్లు, మా ఒంగోలు గిత్త మెడే) స్లీప్ స్టడీ రాశారు, అంటే ల్యాబులో ఒక రాత్రి పడుకోబెట్టి నిద్రనీ ఊపిరినీ రికార్డు చేసే టెస్టు. నాన్నేమో "కొత్త చోట నాకు నిద్రే పట్టదు, ఇంక ఏం చూస్తారు" అంటాడు. ఊళ్ళో ఒకాయన దగ్గర వాడని సీప్యాప్ మెషిన్ (నిద్రలో మాస్కు గుండా ఒత్తిడితో గాలి ఊదేది) ఉంది, సగం ధరకి ఇస్తానన్నాడు. టెస్టు మానేసి అదే తీసుకోమంటారా?

కావలి నుంచి:
తమ్ముడూ, కొనొద్దు. నేను ఆ పని చేసే దెబ్బతిన్నాను. ఆ మెషిన్ ఒత్తిడి 4 నుంచి 20 దాకా ఎంతైనా పెట్టుకోవచ్చు. నాకు అమ్మినాయన తనకున్న సెట్టింగే ఉంచి ఇచ్చేశాడు. తెల్లారేసరికి కడుపు నిండా గాలి, నోరు ఎండి అట్టకట్టేది. రెండు వారాలకు అటకెక్కించాను. ఆ తర్వాత నెల్లూరులో స్టడీకి పోతేగానీ నాకు కావలసింది అందులో సగమేనని తెలియలేదు.

ఆ రాత్రి సంగతి చెప్తా, మీ నాన్నకు చదివి వినిపించు. ఎనిమిదింటికి వెళ్ళాను, సొంత దిండు, లుంగీ తీసుకుని. ఇసుకలా గరగరలాడే పేస్టుతో తల మీద అక్కడక్కడా రుద్ది వైర్లు అంటించారు. కళ్ళ పక్కన, గడ్డం మీద, పిక్కల మీద, ఛాతీ మీద కూడా. ముక్కులో సన్నటి గొట్టం, రొమ్ముకీ పొట్టకీ చెరో బెల్టు, వేలికి క్లిప్పు. సూది లేదు, నొప్పి లేదు. పడుకున్నాక పక్కగది నుంచి మైకులో "కళ్ళు పైకి, కిందికి తిప్పండి, పాదం ఆడించండి, ఒకసారి గురక పెట్టండి" అన్నారు. మెలకువగా ఉండి గురక పెట్టడమంటే నవ్వొచ్చింది. బాత్రూముకి పోవాలంటే వైర్లన్నీ కలిసే డబ్బా ఒక్కటి ఊడదీస్తే చాలు, చేత్తో పట్టుకుని పోవచ్చు. మర్నాడు జుట్టులో పేస్టు వదిలించుకోవడమే అసలు శిక్ష.

కనిగిరి నుంచి:
ఇదంతా డబ్బు దండగ. పక్కకు తిరిగి పడుకుంటే గురక పోతుంది. నా చేతి వాచీ కూడా రోజూ నిద్ర లెక్క చెప్తుంది.

నెల్లూరు నుంచి, స్లీప్ ల్యాబ్ టెక్నీషియన్:
వెల్లకిలా పడుకున్నప్పుడే ఊపిరి ఆగేవాళ్ళు ఉన్నారు, కాదనను. అయితే ఎవరు ఏ వైపు తిరిగినప్పుడు ఎన్నిసార్లు ఆగిందో కూడా స్టడీలోనే తేలుతుంది. వాచీకి అది చేతకాదు.

అడిగినవారికి: కొత్త చోట నిద్ర సరిగా పట్టకపోవడం మాకు మామూలే. ఎనిమిది గంటలు పడుకోనక్కర్లేదు, కొన్ని గంటల నిద్ర దొరికినా రిపోర్టు వస్తుంది. రికార్డింగును 30 సెకన్ల ముక్కలుగా చూస్తాం. ఊపిరి 10 సెకన్లు, అంతకు మించి ఆగితే ఒకటి లెక్క. గాలి బాగా తగ్గి ఆక్సిజన్ పడిపోయినా, మెదడు ఉలిక్కిపడినా అదీ లెక్కే. గంటకు 5 లోపు మామూలు, 15 దాకా తక్కువ, 30 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం.

టెస్టు లేకుండా మెషిన్ ఎందుకు వద్దంటానంటే, ఊపిరి రెండు రకాలుగా ఆగుతుంది. ముక్కు దగ్గర గాలి ఆగినా రెండు బెల్టులూ ఊగుతూనే ఉంటే గొంతు మూసుకుపోయిందని. బెల్టులు కూడా కదలకపోతే మెదడు నుంచే కబురు రాలేదని. బయట నుంచి వింటే ఎవరికీ తేడా తెలియదు. వైద్యం మాత్రం వేరు. ఊరాయన మెషిన్‌కి ఈ సంగతి ఎవరు చెప్తారు?

ఇంట్లో చేసుకునే చిన్న కిట్లు ఉన్నాయి, గుండె, ఊపిరితిత్తుల జబ్బు లేనివాళ్ళకు డాక్టరు ఒప్పుకుంటే పరవాలేదు. చాలా కిట్లలో తల వైర్లుండవు కాబట్టి మనిషి నిద్రపోయాడో మెలకువగా ఉన్నాడో దానికి తెలియదు. 7 గంటలు పెట్టుకుని 4 గంటలే నిద్రపోయాడనుకోండి, 140 సార్లు ఆగితే కిట్ గంటకు 20 అంటుంది. నిజానికి 35. మధ్యస్థం, తీవ్రం అన్న తేడా అక్కడే పోతుంది.

వెళ్ళే రోజు తలస్నానం చేయించండి, నూనె రాయొద్దు, రాస్తే వైర్లు జారిపోతాయి. గడ్డం గీసుకురావాలి. పగలు కునుకు వద్దు, మధ్యాహ్నం నుంచి టీ, కాఫీ వద్దు, తాగుడు అసలే వద్దు. బీపీ మాత్రలు మామూలుగానే. ఫోన్ చేసినప్పుడు మెషిన్ ఒత్తిడి సరిచూడడం కూడా ఆ డబ్బులోనే ఉందా అని తప్పక అడగండి, చాలామంది రెండోసారి కట్టాల్సి వచ్చి గొడవపడతారు. ఇంకో మాట, రిపోర్టు వచ్చి వైద్యం కుదురుకునేదాకా ఆయన్ని లారీ ఎక్కనివ్వకండి. ఇందులో బేరం లేదు.

చీమకుర్తి నుంచి:
అయిపోయింది. నూనె రాసుకునే బయల్దేరాడు, దారిలో బంధువులింట్లో తల రుద్దించాను. మొదటి రెండున్నర గంటల నిద్రలో 115 సార్లు, అంటే గంటకు 46. రక్తంలో ఆక్సిజన్ 76 శాతానికి పడింది. అప్పుడే లేపి మాస్కు పెట్టి, మిగతా రాత్రి ఒత్తిడి పెంచుకుంటూ పోయారట, 11 దగ్గర గురక కూడా ఆగిందట. పొద్దున నాన్న అన్న మొదటి మాట, "రాత్రి ఒంటేలుకు ఒక్కసారి కూడా లేవలేదురా". ఇంట్లో మూడు నాలుగుసార్లు లేస్తాడు, మేం షుగరేమో అనుకున్నాం.

కొత్త మెషిన్ వచ్చింది. రెండు గంటలకే మాస్కు పీకేస్తున్నాడు. కరెంటు పోతే ఏం చేయాలి?

కావలి నుంచి:
పగలు టీవీ చూస్తూ అరగంట మాస్కు పెట్టుకోమను, ముఖానికి అలవాటవుతుంది. బుగ్గ పక్క నుంచి గాలి కంట్లోకి కొడుతుంటే పట్టీలు బిగించొద్దు, సైజు మార్పించు. మెషిన్ గాలికి తేమ ఇచ్చే డబ్బాలో డిస్టిల్డ్ వాటర్ పోయండి, మన బోరు నీళ్ళు పోస్తే వారానికి అడుగున తెల్లగా పేరుకుంటుంది. ఇన్వర్టర్ మీద నాది రాత్రంతా నడుస్తుంది, తేమ వేడి కట్టేస్తే ఇంకా ఎక్కువసేపు. తుపాను రోజుల్లో ఆ ఒక్క బటన్ గుర్తుపెట్టుకో.

టెక్నీషియన్:
మెషిన్‌లో కార్డు ఉంటుంది, ఎన్ని గంటలు వాడాడో రాసుకుంటుంది. నెల తర్వాత డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు దాన్ని తీసుకెళ్ళండి. లారీ సంగతి ఆ కార్డు చూశాకే అడగమనండి.