మిస్టరీ షాపర్ పని: అసలు కంపెనీని గుర్తుపట్టేదెలా?

మిస్టరీ షాపర్‌గా పని మొదలుపెడదామనుకుంటున్నాను. మామూలు కస్టమర్‌లా వెళ్లి, సర్వీసు ఎలా ఉందో రిపోర్టు రాయడం నాకు నచ్చే పనే. ఈలోగా అడగకుండానే ఒక మెసేజ్ వచ్చింది. ముందే చెక్కు పంపుతారట, అది బ్యాంకులో వేసి, గిఫ్ట్ కార్డులు కొని వాటి నంబర్లు పంపాలట. చెక్కు డబ్బు ఖాతాలో కనిపించినా, తర్వాత నకిలీదని తేలితే బ్యాంకు మన దగ్గరే వసూలు చేస్తుంది కదా, అందుకే వదిలేశాను. రిజిస్ట్రేషన్ ఫీజు అడిగేవాళ్లకూ దూరమే.

నా టెన్షన్ అంతా అసలు కంపెనీ పేరు పెట్టుకుని రాసేవాళ్ల గురించే. మిస్టరీ షాపింగ్ కంపెనీల సంఘమైన ఎంఎస్‌పీఏ సభ్యుల జాబితాలో పేరుంటే నమ్మొచ్చా, లేక ఆ కంపెనీ సైటుకు మనమే వెళ్లి అడగాలా? బ్యాంకు వివరాలు, గుర్తింపు కార్డు ఏ దశలో అడగడం మామూలు? ఈ పని చేస్తున్నవాళ్లు దయచేసి చెప్పండి.