అప్‌డేట్: రెండు ఆర్టీసీల గొడవ ఎలా తెగిందంటే

2020లో లాక్‌డౌన్ సడలించాక కూడా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మధ్య ఆర్టీసీ బస్సులు నెలల తరబడి ఎందుకు నడవలేదు, చివరికి ఎవరు తేల్చారు అని ఇంతకుముందు అడిగాను కదా. తెలిసింది చెబుతున్నాను.

పేచీ అంతా కిలోమీటర్ల దగ్గరే. అంతకుముందు ఏపీఎస్‌ఆర్టీసీ తెలంగాణలో రోజుకు సుమారు 2.65 లక్షల కిలోమీటర్లు తిప్పేది. టీఎస్‌ఆర్టీసీ అటువైపు తిప్పేది 1.52 లక్షలే. ఇద్దరికీ సమానంగా ఉండాల్సిందేనని తెలంగాణ పట్టుబట్టింది. ఆ దసరాకు ఊళ్లకు వెళ్లేవాళ్లు ఒక బస్సు సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర దిగి, సామాను మోసుకుంటూ అవతలికి నడిచి ఇంకో బస్సు ఎక్కారు. పిల్లలతో, ముసలివాళ్లతో ఎంత అవస్థ!

తేల్చింది కోర్టు కాదు. మోటారు వాహనాల చట్టం 88వ సెక్షన్ ప్రకారం రాష్ట్రాలు తమలో తాము ఒప్పందం చేసుకోవచ్చు. 2020 నవంబర్ 2న హైదరాబాద్‌లో సంతకాలయ్యాయి. ఏపీఎస్‌ఆర్టీసీ 638 బస్సులతో 1,60,999 కిలోమీటర్లు, టీఎస్‌ఆర్టీసీ 826 బస్సులతో 1,61,258 కిలోమీటర్లు. బస్సుల సంఖ్య కాకుండా దూరం లెక్క చూడటమే సబబని నాకనిపించింది, రాబడి వచ్చేది తిరిగిన దూరాన్ని బట్టే కాబట్టి.

ఒక్కటి మాత్రం మింగుడుపడలేదు. ఏపీ తగ్గించుకున్నది లక్షకు పైగా కిలోమీటర్లు, తెలంగాణ పెంచింది పది వేలలోపే. అలా తగ్గిపోయిన సర్వీసుల్లో వెళ్లే ప్రయాణికుల సంగతి చర్చల్లో ఎవరు అడగాలి? ఇది తెలిసినవాళ్లుంటే చెప్పండి.