నాసిక్ ద్రాక్షతోటలకు తిండిప్రియులు ఎప్పుడు వెళ్లాలి?

ప్రశ్న (సిరొంచ నుంచి)

అందరికీ నమస్కారం. మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ. నేనూ మా ఆవిడా నాసిక్ ప్రాంతపు ద్రాక్షతోటలను, వైన్ తయారుచేసే వైనరీలను చూసిరావాలనుకుంటున్నాము. మేము తిండిప్రియులమే తప్ప తాగుడు అలవాటున్నవాళ్లం కాము. ఒక పండు ఏ నేలలో పుట్టి ఏ రుచిగా మారుతుందో దగ్గరుండి చూడాలన్నది మా కోరిక. మిరపకారానికీ చింతపండు పులుసుకూ అలవాటుపడిన నాలుకకు వైన్ రుచి తెలుస్తుందా? ఏ నెలలో వెళ్తే మంచిది? అక్కడ తప్పక తినవలసినవి ఏవి? మా అన్నయ్యకు ఒక సీసా తేవచ్చునా?

జవాబు (ధర్మాబాద్ నుంచి)

అన్నగారూ, ఫిబ్రవరిలో వెళ్లండి. అక్కడ తీగలను ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. ఏప్రిల్ కత్తిరింపు కొమ్మ ముదరడానికైతే, వానలు తగ్గాక సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో చేసే రెండవది పూతకూ గుత్తికీ. అందుకే ఐరోపాలో శరత్కాలంలో జరిగే ద్రాక్షకోత ఇక్కడ జనవరి నుంచి మార్చి వరకు సాగుతుంది. ఆ రోజుల్లో పగలు ఎండ, రాత్రి చలి ఉండటం వల్ల పండులో తీపి పెరుగుతూనే పులుపు నిలుస్తుంది. కోత సమయంలో వెళ్తే గుత్తులు దించడం, రసం తీయడం, అది స్టీలు ట్యాంకుల్లో పులియడం అన్నీ వరుసగా చూడవచ్చు. మిగతా నెలల్లో కనిపించేవి చాలావరకు ట్యాంకులూ పీపాలే.

నిజామాబాద్‌లో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మా ఊరు, నాందేడ్, మన్మాడ్ మీదుగా నాసిక్ రోడ్‌లో దిగుతారు. 1999లో మొదలైన సులా వైనరీ, దాని పక్కనే ఉన్న యార్క్ వైనరీ గంగాపూర్ ఆనకట్ట వైపు ఉన్నాయి. అక్కడ నిలిచిన నీళ్లు గోదావరివే. త్ర్యంబకేశ్వరంలో పుట్టిన ఆ నదే చివరికి మీ సిరొంచ దగ్గర ప్రాణహితను కలుపుకుంటుంది. నేనైతే ఆ ఒక్క దృశ్యం కోసమే మళ్లీ వెళ్తాను. దిండోరి, ఇగత్‌పురి వైపు కూడా వైనరీలు ఉన్నాయి కాని, రోజుకు రెండు చాలు. రుచి చూశాక బండి నడపకుండా అద్దె కారు మాట్లాడుకోండి.

జవాబు (బల్లార్‌పూర్ నుంచి)

మీ నాలుక గురించి దిగులు వద్దు, అన్నయ్యా. కారం తిన్న నోటికి మద్యం మంట ఎక్కువగా తెలుస్తుంది, ఎర్ర వైన్‌లోని వగరు మరింత గరుకుగా తోస్తుంది. అందుకే మన వంటల పక్కన కొద్దిగా తీపి మిగిల్చి చేసిన షెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ బాగా కుదురుతుంది, ఆ తీపి కారాన్ని చల్లార్చుతుంది. పులుసు కూరలకు, అంతే పుల్లగా ఉండే సావిన్యోఁ బ్లాంక్ అనే మరో తెల్ల వైన్ సరిపోతుంది. షిరాజ్ అనే ఎర్ర వైన్‌ను మాత్రం కారం తగ్గించి కాల్చిన మాంసంతో రుచి చూడండి. ముందుగా తెల్లవి, తరువాత ఎర్రవి, మధ్యలో నీళ్లు. గుక్కను మింగక ఉమ్మినా ఎవరూ తప్పుపట్టరు.

ఉదయం మిసళ్ పావ్ తప్పనిసరి. నాసిక్‌లో దాన్ని కాళా (నల్ల) మసాలాతో చేస్తారు. మొలకెత్తిన మటకీ గింజల కూర (ఉసళ్) మీద కారప్పూస లాంటి ఫర్సాణ్, ఉల్లి, నిమ్మ వేసి, రస్సా అనే ఘాటైన పులుసు పక్కన పెడతారు. అయితే దాని తరువాత రెండు మూడు గంటలు ఆగి వైనరీకి వెళ్లండి, లేకపోతే ఏ వైన్ అయినా ఒక్కలాగే ఉంటుంది. మధ్యాహ్నం పిఠలా (శనగపిండి కూర), భాకరి (జొన్న లేదా సజ్జ రొట్టె), ఠేచా (మిరపకాయ పచ్చడి) దొరికేచోట తినండి.

ఇక సీసా మాట. మీ జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం ఉన్నది కనుక ఆ ఆలోచన వదిలేయండి. దారిలో తెలంగాణ ఎక్సైజ్ నిబంధనలు కూడా అడ్డువస్తాయి. మీ అన్నయ్యకు నాసిక్ చివ్‌డా అనే కారపు చిరుతిండి, ఎండుద్రాక్ష తెండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మా దగ్గర ఇప్పపువ్వు రాలేది మార్చి, ఏప్రిల్ నెలల్లో కాబట్టి ఫిబ్రవరిలో వెళ్లి, ఆ పువ్వు ఏరే వేళకు తిరిగి వచ్చేస్తాము. సీసా తీసుకురాము. అన్నయ్యనే వెంట తీసుకువెళ్తాము.