భజన బృందంతో ఊరి పని అవుతుందా?

ప్రశ్న: మా ఊళ్లో శనివారం భజనకి 40 మంది దాకా వస్తారు. హారతి అయ్యాక ఎవరింటికి వాళ్లు. చెరువు కాలువలో పూడిక మాత్రం అలాగే ఉంది. భక్తితో ఊరి పని ఎక్కడైనా నడిచిందా?

జవాబు: గుజరాత్‌లో నడిచిందండీ. పాండురంగ శాస్త్రి అథవలే (1996లో మెగసెసే అవార్డు అందుకున్నాయన) నడిపిన స్వాధ్యాయ ఉద్యమంలో 'యోగేశ్వర కృషి' (దేవుడి పేరున సేద్యం) అని ఉంది. ఊరికి ఒక ఉమ్మడి పొలం. వంతులవారీగా వెళ్లి కూలి లేకుండా పూజారుల్లా పనిచేస్తారు. పంట దేవుడిది, లేనివాళ్ల ఇంటికి ప్రసాదంగా చేరుతుంది. పుచ్చుకునేవాళ్లకి నామోషీ ఉండదు, నా దృష్టిలో అసలు కిటుకు అదే. జాలర్లకి 'మత్స్యగంధ' పడవలూ ఇదే పద్ధతి.

మరో జవాబు: వంతు ఎగ్గొడితే? మా దగ్గర గుడి చందాకే తగువులు!

ప్రశ్న అడిగినవారు: జరిమానా అంటే భజనే మానేస్తారండీ. వచ్చే శనివారం పారలు గుడి దగ్గరే పెట్టిస్తాను, చూద్దాం.