రంగు అడిగితే మాట చదివేస్తున్నా, ఇది కంటి లోపమా?

ప్రశ్న: మా పాపతో ఆడించడానికి రంగుల కాగితం ఒకటి చేశాను. నీలం స్కెచ్ పెన్నుతో 'ఎరుపు' అనీ, ఎర్ర పెన్నుతో 'పచ్చ' అనీ, ఇలా ఇరవై మాటలు. ఏం రాసి ఉందో పట్టించుకోకుండా, ఏ రంగులో ఉందో గబగబా చెప్పాలి. నాలుగో మాటకే నా నాలుక మడతపడింది. నీలం అనబోయి ఎరుపు అనేశాను. ఇంకా అక్షరాలు రాని పాప మాత్రం ఆగకుండా చెప్పేసింది! నాకు కళ్ళజోడు ఉంది. కంటి డాక్టరుకు చూపించుకోవాలా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: కంటికేమీ కాలేదండీ. మీకు చదవడం వచ్చు, పాపకు రాదు, తేడా అంతే. చదువు వచ్చినవాళ్ళ ముందు మాట పడితే చదవకుండా ఉండలేరు, వద్దనుకున్నా సరే. దీన్ని స్ట్రూప్ ప్రభావం అంటారు. 1935లో జాన్ రిడ్లీ స్ట్రూప్ అనే అమెరికన్ ఇలాంటి కాగితాలతోనే పరీక్షించారు. వంద రంగు గళ్ళ పేర్లు చెప్పడానికి సగటున 63 సెకన్లు పట్టింది. రంగుకూ మాటకూ పొంతన లేని వంద మాటల రంగులు చెప్పడానికి 110 సెకన్లు. తమాషా ఏంటంటే, అవే మాటల్ని రంగు వదిలేసి చదవమంటే దాదాపు ఏ ఇబ్బందీ లేదు. మాట రంగుకు అడ్డొస్తుంది గానీ, రంగు మాటకు పెద్దగా అడ్డు రాదు.

ఇంకో సంగతి, 'పచ్చ' అని రాయకండి. పసుపో ఆకుపచ్చో తేల్చుకోలేక అదో తికమక.

మళ్ళీ ప్రశ్న: అంటే రంగు నాకు ఆలస్యంగా కనబడుతోందా?

జవాబు: చాలావరకు చిక్కు చూపులో కాదండీ, చెప్పడంలో. రంగు వెంటనే కనబడుతుంది, కానీ దాని పేరు నోటికొచ్చేలోపు చదివిన పేరు వచ్చి కూర్చుంటుంది. ఒక పని చేయండి. నాలుగు రంగు పెన్సిళ్ళు ముందు పెట్టుకుని, పేరు పలకకుండా ఆ రంగు పెన్సిల్ని ముట్టుకోండి. తడబాటు బాగా తగ్గాలి. మీకు చదవడం రాని లిపిలో రాసినా అంతే, మాట అడ్డం రాదు.

ఇంకొకరు: డాక్టరు సంగతి నేను చెప్తాను. మాటలేమీ లేని రంగు గళ్ళు చూసి పేర్లు చెప్పండి. అక్కడ కూడా ఎరుపూ ఆకుపచ్చా కలిసిపోతే అప్పుడు వెళ్ళండి. పోతే, ఆఫీసు పనికీ ఇది పనికొస్తుంది. ఒకసారి గ్రాఫులో 'నీలం జట్టు' గీతని ఎర్రగా గీసి పంపాను. చూసిన ప్రతివాళ్ళూ ఫోన్ చేసి అడిగారు.

అడిగినవారు: పెన్సిళ్ళతో చేశానండీ. ఇరవైకి ఇరవై, ఒక్కటీ తప్పలేదు! నోటితో చెప్తే మాత్రం మళ్ళీ మూడు తప్పులు. రోజూ సాధన చేస్తే పోతుందా?

జవాబు: తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఆ కాగితం దాచండి. పాప అక్షరాలు కూడబలుక్కునే రోజుల్లో కాదు, గడగడా చదవడం వచ్చాక మళ్ళీ ఆడించండి.