అప్‌డేట్: కొత్త మేనేజర్ వచ్చాక స్లాబ్ పనులు వెనకబడటం – కారణం తెలిసింది

కొత్త ప్రాజెక్ట్ మేనేజర్ వచ్చాక మా అపార్ట్‌మెంట్ సైట్‌లో ప్రతి స్లాబూ ఆలస్యమవుతోందని, ఆయన అరుపులకి మేస్త్రీలు నోరు విప్పడం లేదని ఇంతకుముందు అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పనిచేసింది లాస్ట్ ప్లానర్ సలహా. పని చేసేవాళ్లే తమ పని ప్లాన్ చేసుకుని మాట ఇచ్చే పద్ధతి అది, 1990లలో గ్లెన్ బల్లార్డ్, గ్రెగ్ హోవెల్ రూపొందించారు. సైట్ చూసిన కన్సల్టెంట్ తేల్చింది ఇదీ: సెంట్రింగ్, రాడ్ బెండింగ్, కరెంటు పైపుల మేస్త్రీలకి తేదీలు పైనుంచి వస్తున్నాయి తప్ప, ఆ రోజుకి అవుతుందా అని ఎవరూ అడగడం లేదు. కాదంటే తిట్లు. అందుకే అందరూ "అయిపోతుంది సార్" అనేవాళ్లు.

ఇప్పుడు శనివారం మేస్త్రీలే వచ్చే వారం పని ఒప్పుకుంటారు. స్టీలు, డ్రాయింగ్ చేతికి రాకపోతే, ముందు జరగాల్సిన పని అవకపోతే ఒప్పుకోరు. ఒప్పుకున్నవాటిలో ఎన్ని పూర్తయ్యాయో, మిగిలినవి ఎందుకు ఆగాయో బోర్డు మీద రాస్తున్నాం. మేనేజర్ గొంతు పెద్దగా తగ్గలేదు. కానీ "కాదు సార్" అంటే ఆగి వింటున్నారు, నా దృష్టిలో అదే అసలు మార్పు. స్లాబులు అనుకున్న తేదీలకే పడుతున్నాయి.

కూలి రేటు, ఒడియా, హిందీ గ్యాంగులతో భాష ఇబ్బంది, వీటికి ఆలస్యంతో సంబంధం లేదని తేలింది.

స్లాబ్ కింది సపోర్టులు ముందే తీసి టైమ్ కలిసొచ్చేలా చూడమని అప్పుడు వచ్చిన సలహా మాత్రం దయచేసి ఎవరూ పాటించొద్దు. మామూలు సిమెంట్‌తో (ఓపీసీ, అంటే ఆర్డినరీ పోర్ట్‌లాండ్ సిమెంట్) వేసిన స్లాబ్‌కి, కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం 4.5 మీటర్ల స్పాన్ (స్లాబ్‌ని మోసే గోడలు లేదా బీముల మధ్య దూరం) వరకు కనీసం 7 రోజులు, అది దాటితే 14 రోజులు సపోర్టులు ఉండాలి.