పసి ఎలుకల ఊపిరితిత్తుల్లో సీడీ8 టి కణాలు కనిపించడం లేదు

గుంటూరులో పరిశోధక విద్యార్థిని. 7 రోజుల వయసున్న సీ57 బ్లాక్6 జాతి ఎలుక పిల్లలకు ముక్కు ద్వారా ఇన్‌ఫ్లూయెంజా పీఆర్8 రకం వైరస్ ఇచ్చి, అప్పటి నుంచి 10వ రోజున ఊపిరితిత్తుల కణాలను, ఒక్కొక్క కణాన్నీ కొలిచే ఫ్లో సైటోమీటర్‌లో చూస్తున్నాను. వైరస్‌లోని ఎన్‌పీ అనే ప్రొటీన్‌లో 366–374 భాగాన్ని గుర్తించే సీడీ8 టి కణాలు (వైరస్ సోకిన కణాలను చంపే రక్షణ కణాలు) దాదాపు లేవు. అదే ప్లేటులోని పెద్ద ఎలుకల నమూనాలో ఆ కణాల గుంపు ఎడంగా, స్పష్టంగా కనిపిస్తోంది. కాబట్టి ఆ కణాలకు అంటుకుని వాటిని చూపించే టెట్రామర్ పాడైందనుకోలేను.

ఊపిరితిత్తులను కణాలుగా విడదీసే ఎంజైమ్ కొలాజినేజ్‌లో ఉంచే సమయం తగ్గించాను, వైరస్ మోతాదు మార్చాను, చనిపోయిన కణాలను వేరుచేసే రంగు కూడా వాడాను. ఫలితం అదే. పిల్లల బరువు పెరగడం ఆగింది, ఊపిరితిత్తుల్లో వైరస్ కూడా దొరికింది. పసి వయసులో ఈ కణాలు విడుదల చేసే ఇంటర్ఫెరాన్ గామా అనే ప్రొటీన్ తక్కువని తెలుసు గానీ, కణాలే లేకపోవడం నమ్మబుద్ధి కావడం లేదు.

అనవసరంగా మరో ఈత పిల్లల ప్రాణాలు తీయడం నాకు ఇష్టం లేదు. ఈ వయసు పిల్లలతో పనిచేసినవారు చెప్పండి: ముందుగా 14వ రోజున చూడాలా, లేక 10వ రోజునే వైరస్‌లోని మరో ప్రొటీన్ పీఏలో 224–233 భాగాన్ని గుర్తించే కణాల కోసం ఆ టెట్రామర్‌తో వెతకాలా?